కాశీలో వదిలిన దుంప

నేను చదువుకున్నదాన్ని కాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. నాలాంటి ఆడది ఎవరైనా నేపాల్లో పశుపతినాథుణ్ణి చూడాలనుకుంటే పనికొస్తుందని చెబుతున్నాను.

మాది నర్సీపట్నం దగ్గర, గొలుగొండ వైపు. చెరుకు నరికిన ప్రతి ఏడూ మా ఆయన "వచ్చే ఏడు కాశీ వెళ్దామే, అట్నుంచటే పశుపతి" అనేవాడు. ఆ వచ్చే ఏడు రాకుండానే పోయాడు. సంవత్సరీకం అయ్యాక నేనే బయల్దేరాను. మా మరిది గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఒదినా, సదువు రాదు, బాస రాదు. పరాయి దేశం ఒక్కదానివీ ఏటెల్తావు?"

"దేవుడితో ఇక్కడ మాటాడేదీ తెలుగే కదేటి. ఆయనకి అర్థమవుతాది. నువ్వు తప్పుకో, బస్సెల్లిపోద్ది."

తెల్లారకుండా నర్సీపట్నంలో బస్సెక్కి, తునిలో రైలు పట్టుకుని, హౌరాలో బండి మారి కాశీ చేరాను. అక్కడ తెలుగు పురోహితులు దొరుకుతారు, భయపడక్కర్లేదు. పిండాలు పెట్టించాక పురోహితుడుగారు అడిగారు, "అమ్మా, ఏ పండు వదులుతారు, ఏ కూర వదులుతారు?" అని. కాశీ వెళ్తే ఇష్టమైనవి గంగలో వదలాలి, బతికున్నంతకాలం మళ్ళీ ముట్టకూడదు. పండంటే పనసపండు అన్నాను. కూర దగ్గర మా ఆయనే మనసులోకొచ్చాడు. బంగాళాదుంప వేపుడు లేందే ఆయనకి ముద్ద దిగేది కాదు. ఆయన పేరు చెప్పి దుంప వదిలేశాను. ఈ మాట తప్పితే ఆయనకి పెట్టిన పిండం నా చేత్తో నేనే లాక్కున్నట్టు.

మర్నాడు మధ్యాహ్నం గోరఖ్‌పూర్ బండెక్కాను. ఎదుటి సీట్లో మిలటరీ కుర్రాడు, పాయకరావుపేటవాడట. మన మాట వినేసరికి ప్రాణం లేచొచ్చింది. మాటల్లో దుంప వదిలిన సంగతి చెప్పాను. ఓ స్టేషన్లో సమోసా కొని నోటి దాకా తెచ్చాను.

"ఆగు పిన్నీ! అందులో ఉండేది దుంపే."

గబుక్కున కిందపెట్టేశాను. వాడు ఒకటే నవ్వు. "ఆనపకాయ వదిలినా సరిపోను కదా! ఈ పైదేశంలో దుంప లేకుండా పొయ్యి వెలగదు. నేపాల్లో మరీను. ఎక్కడికెళ్ళినా 'ఆలూ నహీ' అను."

గోరఖ్‌పూర్ నుంచి బస్సులో సరిహద్దుకి వెళ్ళాలి. మనవాళ్ళకి పాస్‌పోర్టు అక్కర్లేదు, నడిచి దాటేశాను. అవతల కాఠ్మాండూ బస్సెక్కాను. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, కిటికీ వైపు సీటు తీసుకోకండి. భోజనానికి ఆపిన చోట అన్నం మీద కూర పోశాడు, అన్నీ దుంపలే. "ఆలూ నహీ" అన్నాను. ఆ మారాజు నవ్వుతూ గరిటెతో ముక్కలేరేసి, ఆ పులుసన్నమే మళ్ళీ ముందు పెట్టాడు. ముక్క తీస్తే మాత్రం, ఉడికింది అందులోనే కదా! ఇంటి నుంచి తెచ్చిన అటుకులు నమిలాను. రెండో చోటికి అవీ అయిపోయాయి. టీ నీళ్ళతో కాఠ్మాండూలో దిగేసరికి కళ్ళు తిరుగుతున్నాయి. గుడి చూడకుండానే వెనక్కెళ్ళిపోదామా అనిపించింది.

గుడి దగ్గర సత్రంలో చోటిచ్చారు. వంట చూసే ఆవిడ నా ఈడుదే, తెల్లచీర. నా మొహం చూసి, అడక్కుండానే కంచంలో అన్నం, కూర తెచ్చింది. మళ్ళీ దుంపే! చేతులు జోడించి కంచం వెనక్కి నెట్టాను. ఆవిడ మొహం మాడిపోయింది. ఇంకో కంచం తేలేదు. తన చేతి వంట నేను తిననన్నాననుకుంది. కంచం తీసుకుని వెళ్ళిపోతోంది.

ఆకలి ఒకెత్తు, ఇదొకెత్తు. లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళాను. బుట్టలోంచి ఒక దుంప తీశాను. నా బోసి మెడ చూపించి, పైకి చూపించి, ఆ దుంపని నీళ్ళల్లో వదిలినట్టు చెయ్యి తిప్పి, "కాశీ, గంగ" అన్నాను.

ఆవిడ నన్నూ, దుంపనీ చూసింది. "కాశీ?" అంది. తన తెల్లచీర కొంగు పట్టుకుని నాకు చూపించింది. తన మెడా బోసే. "దిదీ" అని నా బుగ్గ నిమిరింది. దిదీ అంటే అక్కట, తర్వాత తెలిసింది. వెంటనే పొయ్యి మీద వేరే గిన్నె పెట్టి, ఆవ మొక్కల ఆకుకూర వేయించి, పప్పు పోసి, నేను చాలు చాలంటున్నా వడ్డిస్తూనే ఉంది. "ఓలమ్మ, పొట్ట పగిలిపోద్దే!" అన్నాను తెలుగులోనే. నవ్వుతూ ఇంకో గరిటె వేసింది.

పొద్దున్నే తనే గుడికి తీసుకెళ్ళింది. చర్మం వస్తువులేవీ లోపలికి తేకూడదు, గుర్తుంచుకోండి. నాలుగు ముఖాల లింగాన్ని చూసి, మా ఆయన పేరు, గోత్రం గట్టిగా చెప్పుకున్నాను.

మూడోనాడు తిరుగు బస్సెక్కుతుంటే ఆవిడ నా చేతిలో ఒక మూట పెట్టింది. విప్పితే గుండ్రంగా గాజుల్లా వేయించిన బియ్యప్పిండి రొట్టెలు, తియ్యగా ఉన్నాయి. భోజనానికి బస్సాపితే అందరూ దిగారు, నేను కూర్చుని రెండు తిన్నాను. ఇంకా చాలా ఉన్నాయి. దారిలో ఎక్కడా నాకు తినడానికి దొరకదని తెలిసే అన్ని పెట్టింది.

నేపాల్ ఎలా ఉందని ఊళ్ళో అందరూ అడుగుతున్నారు. సరిహద్దు దాటి గోరఖ్‌పూర్లో రైలెక్కాక కూడా నేను ఆవిడ కట్టిచ్చిన ఆ దేశం తిండే తిన్నాను. అలా ఉంది.