మసి ముక్కల మూట

వీధిలో అందరూ ఆమెను బొత్తాలక్క అంటారు. బడిపిల్లల చొక్కాలు కుడుతుంది. దారిన పోయే పిల్లవాడి చొక్కాకు బొత్తాం ఊడి కనిపిస్తే చాలు, అక్కడే నిలబెట్టి కుట్టి పంపిస్తుంది. భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆమె, అత్తగారు. పొద్దున లేస్తే మాటకు మాట. అన్నం వేళకు మాత్రం ఒకరు లేనిదే ఇంకొకరికి ముద్ద దిగదు.

ఆ ఇంటికి నిప్పంటుకుంది. ఫ్రిజ్ వెనక వైరు కాలి వంటగది సగం బుగ్గయింది. దేవుడి దయవల్ల మనుషులకేమీ కాలేదు, కుట్టుమిషను కూడా దక్కింది. పొగ మాత్రం ఇల్లంతా తిరిగి, గోడలకూ తలుపులకూ, మడతపెట్టిన దుప్పట్ల లోపలికి కూడా మసి పూసి పోయింది. అత్తగారికి అసలే ఉబ్బసం. వాసన పూర్తిగా పోయేదాకా ఆ గుమ్మం తొక్కవద్దన్నాడు డాక్టరు. ఎదురింటి పెయింటరు తన ముందుగదిలో ఆవిడకు మంచం వేసి, తాను వరండాలో చాప పరుచుకున్నాడు.

బొత్తాలక్క తమ్ముడు వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఇల్లంతా తిరిగి చూశాడు.

"అక్కా, ఇది ఇక మనుషులుండే కొంప కాదు. నువ్వు మా ఇంటికొచ్చెయ్. అత్తయ్యగారిని వాళ్ళ పెద్దబ్బాయి దగ్గర దింపేద్దాం."

"ఆ పెద్దబ్బాయి కాలిన ఇల్లు చూడ్డానికైనా వచ్చాడా?"

"కన్నతల్లిని కాదంటాడా ఏంటి?"

"కాదనడు. అవుననీ అనడు. ఓ మూల కూర్చోబెట్టి మర్చిపోతాడు. మేమిద్దరం ఒక్క గుమ్మంలోంచి బయటికొచ్చాంరా. ఆ గుమ్మంలోంచే లోపలికెళ్తాం."

"నీ మొండితనానికి గోడలు తెల్లబడతాయా?"

"చూద్దువుగాని."

"సరే, ఆదివారం వస్తా. అప్పటికీ ఈ కంపు ఉంటే నీ మాట వినను. వ్యాన్ తెస్తా."

అతను వెళ్ళగానే ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. ఇస్త్రీ ముందు బట్ట మీద నీళ్ళు చిలకరించే చెయ్యి కదా, అలవాటుగా గోడ మీదా చిలకరించి తుడిచింది. మసి సిరాలా గోడలోకి పాకింది.

పెయింటరు పరుగెత్తుకొచ్చాడు. "నీళ్ళు తర్వాతక్కా. ముందు పొడిగుడ్డతో పైనుంచి కిందికి మెల్లగా తుడు. గుడ్డ నల్లబడగానే మార్చు. ఎన్ని గుడ్డలైనా చాలవనుకో..." అంటూ, తాను ఉన్నది ఎవరింట్లోనో గుర్తొచ్చి నవ్వేశాడు.

ఏళ్ళ తరబడి దాచిన కత్తిరింపు ముక్కలు రేకుపెట్టె నిండా ఉన్నాయి. వాటితో గోడ తరువాత గోడ తుడుచుకుంటూ పోయింది. ఆ తర్వాత సబ్బునీళ్ళు. దుప్పట్లను వీధి చివర ఇస్త్రీ బండి అతను అడక్కుండానే ఉతికి తెచ్చాడు, చేతిలో పనేమీ లేదని అబద్ధం చెప్పి. గోడలు ఆరాక పెయింటరు సున్నం వేశాడు, రంగు ఘాటు అత్తగారికి పడదని. ఆవిడ ఎదురింటి వరండాలోంచి అజమాయిషీ చేసింది.

"పిల్లా, ఆ కిటికీ మూల వదిలేశావు."

"మీకు కళ్ళు ఆనడం లేదన్నారుగా అత్తయ్యా."

"నీ తప్పులు చూడ్డానికి సరిపడా ఆనుతున్నాయిలే."

ఆదివారం తమ్ముడు నిజంగానే వ్యాన్ తెచ్చాడు. లోపలికొచ్చి గోడను వేలితో రాసి చూశాడు.

"తెల్లబడ్డాయి, కాదనను. కానీ కంపు పోలేదక్కా."

"నాకేం రావడం లేదే."

"అందులోనే ఉంటే నీకెలా తెలుస్తుంది? నీ ముక్కుకు అలవాటైపోయింది."

అత్తగారు పెయింటరు చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. ఒక ఊపిరి పీల్చింది, దగ్గు తెర వచ్చి వంగిపోయింది. బొత్తాలక్క పరుగున వచ్చి ఆవిడ వీపు నిమిరింది. తమ్ముడు మెల్లగా, "సామాన్లు సర్దుకో అక్కా" అన్నాడు.

"ఆగు అబ్బాయ్" అంది అత్తగారు దగ్గు మధ్యలోనే. "గోడ తుడిచింది సరే. పిల్లా, తుడిచిన ముక్కలేం చేశావు?"

బొత్తాలక్క ముఖం పాలిపోయింది. కళ్ళు కుట్టుమిషను కిందికి పోయాయి. అక్కడ ఓ పెద్ద మూట, మూతి బిగించి ఉంది.

"ఉతికితే దిండ్లలోకి పనికొస్తాయని..."

"నీ దుంపతెగ. నీ జన్మలో ఒక్క ముక్క పారేశావా? ఇంటికి పట్టిన మసంతా పోగేసి మిషను కింద దాచుకుంది, చూడండి."

పెయింటరు పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. బొత్తాలక్క మాత్రం మూటను బరబరా ఈడ్చుకొచ్చి తమ్ముడి చేతుల్లో పెట్టింది.

"తీసుకెళ్ళడానికే వచ్చావుగా. వ్యాన్ ఉత్తినే ఎందుకు పోవాలి? ఊరి బయట చెత్తలో పారేసి రా."

"మరి నువ్వు?"

"నాకు బోలెడు చొక్కాలున్నాయి కుట్టాల్సినవి."

అతను అక్క ముఖంలోకి చూశాడు. చిన్నప్పటినుంచీ ఎరిగిన ముఖమే. మూట భుజానికెత్తుకున్నాడు.

తలుపులు, కిటికీలు బార్లా తెరిచారు. అతను తిరిగొచ్చేసరికి ఇంట్లో గాలి ధారాళంగా ఆడుతోంది. గుమ్మంలో నిలబడి గట్టిగా పీల్చి చూశాడు. "లేదు" అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. అతని చొక్కా నిండా మసి, పైన బొత్తాం ఊడి దారానికి వేలాడుతోంది.

"అలాగే నిలబడు" అని బొత్తాలక్క సూది తీసింది.

అత్తగారు గడప మీద ఆగి ఒక ఊపిరి పీల్చింది. ఇంకొకటి పీల్చింది. దగ్గు రాలేదు. దేవుడికో దణ్ణం పెట్టుకుని లోపలికొచ్చి, తన మంచం మీద కూర్చుని చుట్టూ చూసింది.

"కిటికీ మూల ఇంకా నల్లగానే ఉంది పిల్లా" అంది.