లక్ష వత్తుల బుట్టకు రేకు చక్రం

మా అత్తగారి మొక్కును మట్టుపెట్టిన మహానుభావుణ్ణి నేనే. అదీ కార్తీక పౌర్ణమి నాడు, అదీ నా తెలివితేటలతో. తెలివితక్కువగా చేసుంటే అంత నష్టం జరిగేది కాదు. చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్లు ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, మీరు మాత్రం ఏం పాపం చేశారు?

ఎనభైల మొదట్లో మాట. పోర్టు గోడౌన్లో గుమాస్తాగా చేరి, పెందుర్తిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటికి వరండా, వరండాను ఆనుకుని జామచెట్టు, జామచెట్టు నిండా ఉడతలు. పొద్దున్నే వరండా గట్టు మీద గుప్పెడు వేరుశనగ పలుకులు పోసి, అవి రెండు చేతులతో పట్టుకుని తింటుంటే మురిసిపోయేవాణ్ణి. రాముడు నిమిరిన వీపు ఇదేనని వచ్చినవాళ్లందరికీ ఆ చారలు చూపించేవాణ్ణి, వాటిని నేనే గీసినట్టు. వాటికి అంత చనువిస్తే నెత్తినెక్కుతాయని మా ఆవిడ సత్యవతి అంటూనే ఉండేది.

పెళ్లయి రెండేళ్లయినా మాకింకా పిల్లల్లేరు. మాకు తొందర లేదు గాని, తగరపువలసలో ఉన్న మా అత్తగారికి ఉంది. కూతురింట్లో ఉయ్యాల ఊగాలని, కార్తీక పౌర్ణమికి లక్ష వత్తులు వెలిగిస్తానని శివుడికి మొక్కేసుకుంది. మొక్కి ఊరుకుందా? పత్తి మూటతో మా ఇంట్లో దిగింది. పొద్దస్తమానం వేళ్లకు విబూది అద్దుకోవడం, పత్తి నలిపి వత్తి చేయడం, బుట్టలో వేయడం, ఇదే పని. ఆవిడది పాతకాలం మర్యాద, అల్లుడితో నేరుగా మాట్లాడదు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా, మీ ఆయన కాఫీ తాగుతారేమో అడగవే అని కూతురికి చెప్పేది. తాగుతానని చెప్పవే అని నేనూ కూతురికే చెప్పేవాణ్ణి. మా ఇద్దరి మధ్య సత్యవతి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలా నలిగిపోయేది.

దసరా వెళ్లేసరికి బుట్ట నిండింది. మూతికి గుడ్డ కట్టి సామాన్ల గదిలో పెట్టారు. నాలుగు రోజులు తిరక్కుండానే గుడ్డ కొరికేసి ఉంది, బియ్యం బస్తా వెనక వత్తులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన వత్తులే పోతున్నా పట్టలేకపోయాడు.

ఎలకలు, అని నేను తేల్చేశాను.

"ఎలకలు కావండి. పొద్దున కిటికీలోంచి ఉడత దూకడం నాను సూసినాను," అంది సత్యవతి.

"ఉడత పలుకులు తింటాది గాని పత్తి తింటాదేటి? గోడౌన్లో పని సేత్తన్నాను, ఎలక బుద్ధి నాకు తెల్దేటే?"

అసలు కొంప ముంచింది ఆ గోడౌన్ పాండిత్యమే. రేవులో ఓడలు కట్టేసిన తాళ్లకు గుండ్రటి రేకు చక్రాలు తగిలిస్తారు. తాడు మీద పాకుతూ వచ్చిన ఎలుక ఆ చక్రం దాటలేక తిరిగి పోతుంది. ఓడలకు పనికొచ్చింది అత్తగారికి పనికిరాదా అనుకున్నాను. నూనె డబ్బా రేకు కత్తిరించి మధ్యలో బెజ్జం పెట్టాను. వరండా దూలానికి ఒక కొక్కెం ఉంది. బుట్టకు కొత్త గుడ్డ బిగించి, ఉట్టిలో పెట్టి, తాడుకు నా చక్రం తొడిగి అక్కడ వేలాడదీశాను. జామకొమ్మకు జానెడు దూరంలో. మీకు అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు.

పైగా చక్రం చూడమని పోర్టు నుంచి స్నేహితుణ్ణి పిలుచుకొచ్చాను. బావా, నువ్వు ఇంజినీరు అవాల్సినోడివని అతగాడు మెచ్చుకుని, టిఫిన్ తిని వెళ్లాడు. రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. మూతి గుడ్డ చెక్కుచెదరలేదు. ఆ సంతోషంలో ఉడతలకు ఇంకో గుప్పెడు పలుకులు వేసేవాణ్ణి. వాటిలో ఒకటి బాగా ఒళ్లు చేసింది. నా పలుకుల చలవే అనుకున్నాను.

పౌర్ణమి వచ్చింది. పొద్దుగూకే వేళకు మా అత్తగారు తలస్నానం చేసి, రోజంతా ఉపవాసంతో ఉన్న మనిషి, నేతి గిన్నె పట్టుకుని వరండాలో నిలబడింది. నేను కుర్చీ ఎక్కి, ఓడను రేవులోకి తెచ్చే కెప్టెన్ దర్జాతో బుట్ట దించాను. లోపల్నుంచి కీచుమని వినిపించింది. గుడ్డ విప్పాను.

జామకొమ్మ వైపు బుట్టకు పిడికెడంత బొక్క. వత్తులన్నీ పీలికలై ఒక్క పెద్ద పత్తి ఉండయ్యాయి. ఆ ఉండ నడుమ, వెంట్రుకైనా మొలవని ఎర్రటి పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. తల్లి కొమ్మ మీద తోక ఎగరేస్తూ నన్ను ఏడు తరాలు ఎత్తి తిడుతోంది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు. ఎలుకకు చక్రం కట్టి ఉడతకు పురుడు పోసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పత్తి నలిపి నలిపి ఆవిడ వేళ్లు కాయలు కాశాయి. ఆ కష్టమంతా నా చేతుల మీదుగా ఉడతల పాలైంది. సిగ్గుతో చచ్చిపోతూ, పనికొచ్చే వత్తులేమైనా ఏరదామని బుట్టలో చెయ్యి పెట్టబోయాను.

"ఆగండి బాబూ," అంది మా అత్తగారు. నాతోనే. పెళ్లయ్యాక నేరుగా నాతో ఆవిడ అన్న మొదటి మాట. "పురిటిల్లది. ముట్టుకోకండి. పురిటి మైల వత్తులు దేవుడికి ఎలిగిత్తారేటి?"

"తప్పయిపోనాది అత్తా. మరి మీ మొక్కో?"

ఆవిడ వంగి బుట్టలోకి చాలాసేపు చూసింది. చూసి, ఎక్కడిది అక్కడే వేలాడదీయమంది. వేలాడదీశాను. తల్లి ఉడత ఒక్క గెంతులో బొక్కలోంచి లోపలికి దూరింది. ఆ ఊపుకు బుట్ట అటూ ఇటూ ఊగింది.

"ఈ ఇంట్లో ఉయ్యాల ఊగాలని మొక్కినాను. ఊగతన్నాది సూడండి," అంది ఆవిడ. "ఎవుల పిల్లలో సెప్పకుండా మొక్కడం నా తప్పే. సివుడి తప్పేటి నేదు."

సత్యవతి గోడకు చేరగిలబడి కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. నేతి గిన్నె పక్కన పెట్టి మా అత్తగారూ నవ్వింది. నేనూ నవ్వాను గాని, తొందరపడ్డాను. ఎందుకంటే మొక్కు శివరాత్రికి వాయిదా పడింది, అప్పటిదాకా ఆవిడ మా ఇంట్లోనే ఉంది, డ్యూటీ దిగి రాగానే విబూది పళ్లెం ముందు కూర్చుని వత్తులు చేయడం నా వంతైంది. నా వత్తుల లావు చూసి, వీటితో ఓడలు కట్టేయొచ్చని ఆవిడ అనేది. అదీ నేరుగా నాతోనే, కూతురి సాయం లేకుండా.

కాబట్టి సమస్త ఉడతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ దేవుడి పనిలో పోర్టు తెలివి వాడను. ఉడతలకు పలుకులు వేయడం మానతానని మాత్రం ప్రమాణం చేయలేను. ఏటా ఏదో ఒక బాలింత ఉడత ఉండే ఇల్లు కదా, పస్తు పెడితే మా అత్తగారు ఊరుకోదు.