మసి లేని గిన్నె

చెరకు తోటల్లో ఒకప్పుడు బానిసలు బతికిన పాకల చోట తవ్వి, దొరికిన పాత సామాన్లను బట్టి వాళ్ల జీవితం చెప్పడం నా పని. గిన్నె అడుగు మసి చూస్తే చాలు, ఆ ఇంటి కథ చెప్పేస్తానని నాకు గర్వం.

బర్మాలో సైన్యం అధికారం లాక్కున్న నెలల్లో విమానాలు ఆగిపోయి, యాంగోన్‌లోని సంచౌంగ్‌లో చూసిపోదామని వెళ్లిన మరియమ్మ పెద్దమ్మ ఇంట్లో చిక్కుకుపోయాను. ఆవిడ తాతలు శ్రీకాకుళం నుంచి రేవు కూలికి వచ్చినవాళ్లు. రోజూ చీకటి పడగానే నిరసనగా వీధంతా గిన్నెలు మోగించేది. బర్మావాళ్లు ఇంట్లోంచి దుష్టశక్తిని తరిమేది అలాగేనట. పెద్దమ్మ మాత్రం ఎప్పుడూ ఒకే సత్తు గిన్నె తీసేది.

"అన్నం వొండే గిన్నిని కొట్టకూడదమ్మా. ఇది కొట్టడానికే," అంది.

ఓ మధ్యాహ్నం, గిన్నెలు మోగించేవాళ్లను పట్టుకోవడానికి సిపాయిలు ఇళ్లు సోదా చేస్తూ మా వీధిలోకి వచ్చారు.

"గిన్నె దాచేయండి పెద్దమ్మా," అన్నాను.

"ఎందుకు? వొంట గిన్నంటాను."

"నమ్మరు. ఒళ్లంతా సొట్టలు, అడుగున చుక్క మసి లేదు."

ఆవిడ గిన్నె తిరగేసి చూసింది. కుంపటి మీది చారు గిన్నె దించి, దాని అడుగు మసిని గుడ్డతో తీసి దీనికి పట్టించింది.

"ఇప్పుడు సెప్పు, ఇదేటి?"

"వంట గిన్నె," అన్నాను.

సిపాయి కూడా దాన్ని ఎత్తి చూసి, అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

ఒకప్పుడు ఆ చెరకు తోటల్లోనూ దొర మనుషులు పాకలు సోదా చేసేవాళ్లే. ఇంటికి వెళ్లగానే తవ్వకాల్లో దొరికిన గిన్నెలకు నేను 'వంట పాత్ర' అని రాసిన చీటీలన్నీ మళ్లీ తీశాను. ఇప్పుడు మసి కనిపిస్తే, ఎవరి కంట పడాలని పూశారో ముందు అడుగుతాను.