బీరు బకెట్టుకి చెవి ఆనించిన మామయ్య

అబద్ధం ఆడటం నాకు చేతకాదు. మంచితనం వల్ల కాదు, ఓపిక లేక. ఒకటి ఆడితే దాన్ని గుర్తుపెట్టుకోవాలి, దానికి అతుకులేస్తూ ఇంకో నాలుగు ఆడాలి. నాకున్న తొందరకీ, ముక్కు మీది కోపానికీ అదంతా కుదిరే పని కాదు. పెళ్ళి మాటలప్పుడు కాబోయే మామగారు "వంట వచ్చా అమ్మా?" అని అడిగితే, "రాదండీ, నేర్చుకోవాలని కూడా పెద్దగా లేదు" అనేశాను. మా అమ్మ మొహం మాడిపోయింది. అటువైపు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనొక్కరే నవ్వి, "ఈ అమ్మాయి అబద్ధం చెప్పదు. మనకది చాలు" అన్నారు. సంబంధం ఆ మాటతోనే ఖాయమైంది.

ఆ మాటని ఎనిమిదేళ్ళు నెత్తిన పెట్టుకుని తిరిగాను. అలాంటిది, 2008 మే నెలలో ఆయనకే అబద్ధం చెప్పాను. అదీ బీరు గురించి.

అప్పుడు మేం అమెరికాలో, చాండ్లర్ అనే ఎడారి ఊళ్ళో ఉండేవాళ్ళం. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో నాతో పనిచేసే పెద్దాయన ఒకాయన, అమెరికన్, ఇంట్లో బీరు కాయడం నాకు నేర్పాడు. లంచ్ టైమ్‌లో మూడేళ్ళ పాటు, ఈస్టు మొదలుకుని సీసాలు కడగడం దాకా విసుగు లేకుండా చెప్పాడు. మా ఆయన అరగ్లాసు తాగి నిద్రపోయే రకం కాబట్టి ఇంట్లో ఈ పిచ్చి నా ఒక్కదానిదే. జూన్‌లో ఆ పెద్దాయన రిటైర్ అవుతున్నాడు. ఆయన పార్టీకి నా చేత్తో చేసిన బీరు రెండు పెట్టెలు తెస్తానని మాటిచ్చాను.

మామయ్య సంగతి చెప్పాలి. ఆయన ఎక్సైజు ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఉద్యోగమంతా తూర్పు గోదావరి కొండల అంచున, నాటుసారా కాసేవాళ్ళ వెంటపడటమే. చిన్నప్పుడు మీ నాన్నేం చేస్తారని అడిగితే మా ఆయన "కుండలు పగలగొడతారు" అని చెప్పేవారట. మామయ్య కాఫీ కూడా రోజుకొక్కసారే తాగుతారు. ఆ మనిషి ఇంటికొస్తుంటే బీరు బకెట్టు ఎదురుగా ఎలా పెట్టుకోను?

ఆయన జూన్ ఆఖరులో రావాలి. అమెరికాలోనే ఇంకో ఊరు ఇర్వింగ్‌లో ఉండే మా ఆడపడుచు పురిటికి అత్తయ్యతో కలిసి వెళ్ళారు. పిల్ల ముందే పుట్టేసింది. అత్తయ్య అక్కడే ఉండిపోతే, డయపర్ల మధ్య ఈయనకి తోచక టికెట్ మార్పించుకుని, గురువారం ఫోన్ చేసి "రేపొస్తున్నా" అన్నారు. బీరు పెట్టి అప్పటికి అయిదు రోజులు. అది గెస్ట్ బాత్రూమ్ టబ్బులో, చల్లగా ఉండటానికి నీళ్ళలో కూర్చుని ఉంది. దాన్ని హడావుడిగా ఎత్తుకెళ్ళి ఇంట్లో ఆఫీసు గదిగా వాడే గది క్లోజెట్‌లో, అంటే గోడలోని సామాన్ల కొట్టులో దాచాను. ఆ హడావుడిలో హైడ్రోమీటర్ కింద పడి ముక్కలైంది. బీరులో చక్కెర ఇంకా ఎంత మిగిలిందో చెప్పేది అదే. కొత్తది ఆర్డర్ చేశాను, రావడానికి వారం అన్నారు.

మామయ్య రాగానే ఆఫీసు గదిలోనే కూర్చున్నారు. తెలుగు పేపర్లు కంప్యూటర్‌లో చదవాలి కదా. కాసేపయ్యాక "ఆ బుడబుడ ఏమిటమ్మా?" అని అడిగారు. బకెట్టు మూతకి చిన్న గొట్టం ఉంటుంది, లోపలి గాలి దాంట్లోంచి నీటిబుడగలుగా బయటికొస్తుంది.

"హ్యుమిడిఫైయర్ మామయ్యా. ఇక్కడ గాలి మరీ పొడిగా ఉంటుంది కదా" అన్నాను.

"ఓహో" అన్నారు.

 శనివారానికి బుడగలు ఆగిపోయాయి. హమ్మయ్య, పులియడం అయిపోయింది అనుకున్నాను. ఇక మిగిలింది డ్రై హాపింగ్. అంటే హాప్స్ అనే పూలని, ఎండబెట్టి గుళికలుగా చేసినవాటిని, కాయకుండా చివర్లో వేయడం. సువాసన కోసమే అది. పులియడం అయ్యాక వేయాలి. ముందు వేస్తే బయటికి పోయే గాలితో వాసన కూడా పోతుంది. నాలుగు రోజులు ఉంచి, సీసాల్లోకి పోసి, రెండు వారాలు ఆగాలి. పార్టీ రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుంటే ఆదివారం వేసేస్తే బోలెడు టైముంది. ఈలోగా క్లోజెట్ చుట్టూ ఈస్టు వాసన తిరుగుతోందని, అక్కడో స్టూలు మీద అగరొత్తులు వెలిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున మా ఆయన ఇండియన్ స్టోర్‌కి వెళ్ళారు. మామయ్య స్నానానికెళ్ళారనుకుని, హాప్స్ ప్యాకెట్టు, కత్తెర పట్టుకుని వెళ్ళి క్లోజెట్ తలుపు తీశాను. ఆయన అగరొత్తులు తీసి పక్కన పెట్టి, ఆ స్టూలుని లోపలికి లాక్కుని దాని మీద కూర్చుని ఉన్నారు.

"దేవుడు లేని గదిలో అగరొత్తులెందుకు వెలిగించావమ్మా?" అని అడిగారు. గొంతులో కోపం లేదు. "ముప్పై ఏళ్ళు ఈ వాసన పట్టుకునే ఇళ్ళలోకి వెళ్ళాను. ఊట దాచినవాళ్ళు సాంబ్రాణి వేయకుండా ఉండరు."

ఊట అంటే సారా కాయడానికి పులియబెట్టే బెల్లం నీళ్ళు.  అక్కడే కార్పెట్ మీద కూలబడి మొత్తం చెప్పేశాను, రిటైర్మెంట్ పార్టీతో సహా.

"అమ్ముతావా?"

"లేదు మామయ్యా."

"లైసెన్సు?"

"ఇంట్లోవాళ్ళు తాగడానికీ, ఇలా ఊరికే ఇవ్వడానికీ అక్కర్లేదు. ఇక్కడ ఇది తప్పు కాదు."

"తప్పు కానిదాన్ని దాచడమెందుకు?"

  "మీరు నా గురించి అన్న మాట పోతుందని భయమేసింది" అన్నాను. ఏడుపొచ్చేసింది. నాకు ఏడుపొస్తే కోపం కూడా వస్తుంది కాబట్టి, "కాస్త ముందు చెప్పి రావచ్చు కదా మీరైనా" అని కూడా అనేశాను.

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. నా చేతిలో ప్యాకెట్టు చూపించి అదేమిటని అడిగారు. చెప్పాను. గాలి రావడం ఆగిపోయింది కాబట్టి ఇవాళ వేసేస్తున్నానన్నాను. ఆయన మోకాళ్ళ మీద వంగి బకెట్టుకి చెవి ఆనించారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

"ఆగలేదు. చలికి ముడుచుకుంది, అంతే. పైన చూడు."

చూశాను. ఏసీ గాలి సరిగ్గా బకెట్టు నెత్తిన పడుతోంది. ఇంజనీరునయ్యుండి నాకది తట్టలేదు.

"రా, విను" అన్నారు. చెవి పెట్టాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరంగా, సోడా గ్లాసు చివర్లో చేసే చప్పుడు. అప్పుడు గానీ నాకు ప్రమాదం అర్థం కాలేదు. చక్కెర మిగిలిన బీరుని సీసాల్లో బిగిస్తే అవి పగులుతాయి. నా కారు డిక్కీలోనో, ఆ పెద్దాయన చేతిలోనో.

బకెట్టుని ఇద్దరం కలిసి గదిలోకి, గోడ పక్కకి జరిపాం. ఆయన తన దుప్పటి తెచ్చి చుట్టారు. సాయంత్రానికి గొట్టంలో బుడగలు మళ్ళీ మొదలయ్యాయి. నాకు గుండెల మీంచి బరువు దిగింది. ఇక దాచాల్సిన పనీ లేదు. మూడు రాత్రుల తర్వాత ఆ రాత్రే హాయిగా నిద్రపోయాను.

తర్వాత రోజూ పొద్దున్నే పేపరు కంటే ముందు ఆయన బకెట్టుకి చెవి పెట్టేవారు. "ఇవాళ కాదు" అనేవారు. మా ఆయన వంటింట్లోంచి "ఆరోగ్యం ఎలా ఉంది పేషెంట్‌కి?" అని అరిచేవారు. గురువారం మాత్రం "ఇక వేసుకో" అన్నారు. ఆ రోజే కొత్త హైడ్రోమీటర్ పోస్టులో వచ్చింది. నిజం చెప్పాలంటే నేను ఆయన్ని నమ్మలేదు. ఆ రోజు కొలిచాను, మర్నాడు మళ్ళీ కొలిచాను. రెండుసార్లూ ఒకటే అంకె. పులియడం పూర్తయిపోయింది. "ఒక రోజు దండగ చేశావు" అన్నారు మామయ్య, కొంచెం గర్వంగా.

హాప్స్ వేసి మూత బిగించాక అడిగాను, ఇదంతా ఎవరు నేర్పారని.

ఉద్యోగంలో కొత్తట. వాగు పక్క పొదల్లో ఊట కుండలు దొరికేవి గానీ కాసేవాళ్ళు దొరికేవాళ్ళు కాదు. ఊట పండిన రోజే వాళ్ళు పొయ్యి వెలిగించడానికి వస్తారు. ఆ రోజేదో తెలియాలి. ఒక రోజు యూనిఫాం లేకుండా ఒక్కరే వెళ్ళి, అక్కడున్న ముసలామెని, ఊట పండిందని ఎలా తెలుస్తుందని అడిగారట.

"నేర్చుకోవాలని అడుగుతున్నా, ఎవరికీ చెప్పను అన్నాను. నమ్మింది. నన్ను కూర్చోబెట్టి ఒక్కో కుండకీ చెవి పెట్టించింది. దీనికి ఇంకా రెండ్రోజులు బాబూ అని చూపించింది. రెండ్రోజులాగి నలుగురు కానిస్టేబుళ్ళతో వెళ్ళాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బాగానే నేర్చుకున్నావు బాబూ అంది."

ఖాళీ హాప్స్ ప్యాకెట్టుని మడతపెడుతూ, "అప్పటినుంచి నాకు అబద్ధం పడదు. ముందు నాదే" అన్నారు.

 ఆయన చెయ్యి పట్టుకున్నాను. నాకు ఆయన దగ్గర పరువు పోలేదన్న నిశ్చింత ఒకపక్క, ఇంతకాలం ఆయన దేన్ని మోశారో తెలిసిన బాధ ఒకపక్క.

నాలుగు రోజులాగి ఇద్దరం సీసాలు నింపాం. ఆయన మూతలు బిగించారు. పార్టీ ఒక శనివారం మధ్యాహ్నం, ఆ పెద్దాయన ఇంటి పెరట్లో జరిగింది. మొదటి సీసా తీసి ఆయనకే ఇచ్చాను. చాలాసేపు వాసన చూసి, ఒక గుక్క తాగి, టైమింగ్‌లో ఇక నీకు నా అవసరం లేదు అన్నాడు. కళ్ళు చెమర్చాయి, ఆయనకీ నాకూ.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామయ్య భోజనానికి కూర్చున్నారు. "ఒక్క సీసా కూడా పగల్లేదు మామయ్యా" అన్నాను. ఆయన అడిగింది అది కాదు.

"నేర్పినాయనకి ఇచ్చావా?"

"మొదటిది ఆయనకే ఇచ్చాను."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. 

"నాకు నేర్పినామె దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళినా బాగుండేది. కర్ర పట్టుకుని వెళ్ళాను."

అనేశాక ఆయన మొహం తేలికపడింది. ఇంకాస్త పెరుగు వెయ్యమన్నారు. వేశాను.