పేజీ తిప్పని సాక్షి

1979లో నన్ను అమలాపురం మేజిస్ట్రేటు కోర్టుకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వేశారు. పోలీసులు పెట్టిన కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించడం ఆ ఉద్యోగం. చేరిన కొత్తలోనే కళ్లజోళ్ల కేసు నా బల్ల మీదికి వచ్చింది.

రాజోలు, ఉప్పలగుప్తం వైపు ఒక పెద్దమనిషి సైకిలు మీద తిరుగుతూ, మద్రాసు డాక్టరు పవర్ అద్దాలంటూ ముసలివారికి మామూలు గాజు అంటగట్టాడు. అతని పెట్టె పరీక్షించిన కంటి డాక్టరు, ఒక్క జోడులోనూ పవర్ లేదని రాసిచ్చారు. కేసు 420, అంటే మోసం. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న సెక్షనే గాని మా మేజిస్ట్రేటు వేయగలిగింది మూడేళ్లు. ముసలివారిని మోసం చేస్తే ఇంకాస్త ఎక్కువ వేయమని ఆ సెక్షను చెప్పదు. పైగా మోసపోయిన మనిషి బోనెక్కి, మోసపోయానని తన నోటితో చెప్పాలి. కొన్నవాళ్లందరూ మొహమాటపడి తప్పుకోగా మార్తమ్మగారొక్కరే మిగిలారు. ఆవిడ కూడా కాదంటే ముద్దాయి నవ్వుకుంటూ మళ్లీ సైకిలెక్కుతాడు.

మార్తమ్మగారు ఉప్పలగుప్తం చర్చి ఆడవాళ్ల కూటంలో పుస్తకం పట్టుకుని పాట ఎత్తే పెద్దావిడ. వాయిదా నాడు ఆ కూటమంతా కోర్టుకు తరలివచ్చింది. ఆ పుస్తకం కోసం ఎన్నాళ్లుగానో కాచుకున్న తోటికోడలు సలోమమ్మగారూ వచ్చారు.

బోనెక్కిన మార్తమ్మగారి చేత ముద్దాయి అమ్మిన జోడు పెట్టించి, అద్దాలు ఎలా ఉన్నాయని అడిగాను. ఆవిడ వెనక బెంచీల వైపు ఒకసారి చూసి, "ఆయ్, సుబ్బరంగా కనపడతందండి" అన్నారు.

మన సాక్షే అడ్డం తిరిగితే హోస్టైల్‌గా ప్రకటించమని కోర్టును కోరాలి. పొద్దున్నే "టిఫిన్ చేసేరా బాబూ" అని అడిగిన మనిషి గురించి ఆ మాట ఎలా అంటాను? ఈలోగా డిఫెన్స్ వకీలుగారు హుషారుగా లేచి, ఆవిడ పాటల పుస్తకమే చేతికిచ్చి చదవమన్నారు.

ఆవిడ చదవలేదు, పాడారు. పుస్తకం అలవాటైన చోట తెరుచుకుంది. ఒక్క మాట తడబడకుండా చరణాలన్నీ పూర్తి చేశారు. బెంచి క్లర్కు తల ఊపుతూ కూర్చున్నాడు. వకీలుగారు అప్పుడే గెలిచినట్టు నావైపు చూశారు.

మేజిస్ట్రేటుగారు పుస్తకం తెప్పించుకుని చూశారు. సగం పాట వెనక పేజీలో ఉందే, మీరు తిప్పలేదేమని మెల్లగా అడిగారు.

మార్తమ్మగారు మళ్లీ వెనక బెంచీల వైపు చూశారు. తరవాత, "తిప్పినా ఒకటేనండి బాబూ. ఈ జోడు పెట్టినా మసకేనండి, తీసినా మసకేనండి. పాటలు నోటికొచ్చండి. ఆ ముక్క చెబితే పుస్తకం మా సలోమి లాగేసుకుంటదండి" అన్నారు.

హాలు గొల్లుమంది. సలోమమ్మగారు మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి తన కళ్లజోడు తీశారు. "నాదీ ఆ పెట్టెలోదేనక్కా. నాకు మట్టుకు ఏం కనపడతందని లాక్కుంటాను?" అన్నారు.

కోర్టులో కూర్చున్నవారిని అప్పటికప్పుడు సాక్షిగా పిలిచే అధికారం మేజిస్ట్రేటుకు ఉంటుంది. ఆయన దాన్ని ఆ రోజు వాడి సలోమమ్మగారిని బోనెక్కించారు. ముద్దాయికి జైలు పడింది. ఏరి ఏరి ముసలివారినే పట్టుకున్నాడు కాబట్టి కనికరం చూపనక్కర్లేదని తీర్పులో రాశారు. అది చదివి నాకు నిజంగా సంతోషం వేసింది.

ఇలాంటి మోసానికి చట్టంలో శిక్ష ఉంది. కానీ మోసగాడు దాక్కునేది మోసపోయినవాళ్ల సిగ్గు వెనక. ఆ తరవాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, పెద్దవయసు సాక్షిని బోనెక్కించే ముందు వెనక బెంచీల్లో ఎవరెవరు కూర్చున్నారో చూసుకునేవాణ్ని.