వెనక్కి వాలే లక్ష్మీరాజం

చందుర్తి దాటాక వాగొడ్డున ఉన్న ఆ ఊళ్లో లక్ష్మీరాజం పేరెత్తితే ముందు నవ్వుతారు, తర్వాత కూర్చోమంటారు. కూర్చున్నారా, ఇక మీరు వచ్చిన పని ఆ రోజుకు ఆగిపోయినట్టే. ఎందుకంటే లక్ష్మీరాజం కథ చెప్పేవాళ్లెవరూ కుదురుగా కూర్చుని చెప్పరు. లేచి నిలబడి, చేతులు రెండు పక్కలకూ చాచి, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి చూపిస్తారు. తర్వాత ఠక్కున వెనక్కి వాలి చూపిస్తారు.

ఆ వాలడంలోనే ఉంది కథంతా.

లక్ష్మీరాజం గౌడ్ల ఇంట పుట్టాడు. తాతా తండ్రీ కల్లు గీసినవాళ్లే. గీసేవాడికి నడుముకు మోకు ఉంటుంది. చెట్టునీ మనిషినీ కలిపి చుట్టే లావాటి తాడు అది. పాదాలు చెట్టుకు తన్నిపెట్టి, బరువంతా వెనక మోకు మీద వేసి వాలితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి, గీతకత్తి పట్టుకోవచ్చు. అలా వాలడం లక్ష్మీరాజానికి మీసాలకంటే ముందే వచ్చింది. అంత ఎత్తున పడకకుర్చీ వేసుకున్నంత దర్జాగా వాలి, పాట ఎత్తుకునేవాడు. కల్లు కోసం వచ్చినవాళ్లు పాట అయ్యేదాకా కింద పడిగాపులు కాయాల్సిందే.

ఎనభైల్లో వానలు వరసగా ఎగ్గొట్టాయి. వాగు ఇసుకైంది. చెట్లకు కల్లు పారడం ఆగిపోయింది. ఊళ్లో కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా బొంబాయికో, భివండికో, దుబాయికో దారి పట్టారు. లక్ష్మీరాజానికి అప్పుడే పెళ్లయింది. భార్య ఎల్లవ్వది సిరిసిల్ల పక్క ఊరు. ఆమెకు తెలిసినవాళ్ల సాంచాల షెడ్డులో, మరమగ్గాల మీద, లక్ష్మీరాజానికి పని దొరికింది. వారం తిరక్కముందే లేచి వచ్చేశాడు.

"ఏమైంది?" అంది ఎల్లవ్వ.

"చెవుల్ల రొద పోతలేదు. తలకాయ ఎత్తితే రేకులే కనబడుతున్నయి. ఆకాశం లేకుంట ఎట్ల పనిజేస్తరే మనుషులు?"

"ఆకాశం కూడు వెడ్తదా?" అని ఆమె కసురుకుంది. ఆ మాట తర్వాత చాలా ఏళ్లు ఆమెను వెక్కిరించింది, ఎందుకంటే ఆకాశం నిజంగానే కూడు పెట్టింది.

హమాలీ పని దొరుకుతుందేమోనని లక్ష్మీరాజం జగిత్యాల మార్కెట్‌కు పోయాడు. పని దొరకలేదు గానీ అక్కడ మైదానంలో ఒక సర్కస్ డేరా వేస్తూ కనిపించింది. నడిమి స్తంభం కొసన గిలకలో తాడు ఇరుక్కుని, గుడ్డ సగం లేచి వేలాడుతోంది. సాయంత్రం ఆట. మేనేజర్ నోటికొచ్చిన భాషలన్నిటిలో తిడుతున్నాడు. లక్ష్మీరాజం అక్కడే పడున్న తాడు ముక్కను మోకులా చుట్టుకుని, జనం చూస్తుండగానే పైకి పాకి, వెనక్కి వాలి, తీరిగ్గా చిక్కు తీశాడు. తీసినవాడు ఊరుకోకుండా పాట కూడా పాడాడు. మేనేజర్ తిట్లు ఆపి, తిండీ జీతమూ రెండూ ఇస్తానని అన్నాడు.

అలా స్తంభాలెక్కే కూలీగా చేరినవాడి కన్ను తీగ మీద పడింది. తీగ మీద నడిచే ఆట నేర్పేది ఒక మలయాళీ ముసలాయన. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఎత్తంటే బెదరని మనిషి దొరికాడని ఆయన సంబరపడ్డాడు. ఆ సంబరం మూన్నాళ్లే. తీగ ఎక్కినవాళ్లు మామూలుగా కుడికో ఎడమకో పడతారు. లక్ష్మీరాజం మాత్రం నాలుగడుగులు బాగా వేసి, కాస్త ధైర్యం రాగానే హాయిగా వెనక్కి వాలి, వెల్లకిలా వలలో పడేవాడు. ప్రతిసారీ అంతే. భయపడినప్పుడు పడేవాడు కాదు. ధైర్యం వస్తేనే పడేవాడు.

ఉస్తాద్‌కు బుర్ర తిరిగిపోయింది. "ఎవరున్నార్రా నీ వెనక? మీ మామగారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడా?" అని హిందీలో అరిచాడు.

లక్ష్మీరాజం వలలోంచి లేస్తూ అమాయకంగా, "మోకు ఉంటది గద సాబ్," అన్నాడు.

మోకు అంటే ఏమిటో విప్పి చెప్పాక ఉస్తాద్ కాసేపు నవ్వాడు, కాసేపు తల పట్టుకున్నాడు. చివరికి నీళ్లు నింపిన లొట్టి, అంటే కల్లుకుండ, ఒకటి లక్ష్మీరాజం చేతుల్లో పెట్టి, ఛాతీ ముందు పట్టుకుని నడవమన్నాడు. బరువు ముందుకు రావడంతో వెనక మోకు సంగతి ఒళ్లు మరచిపోయింది. అదే చివరికి అతని ఆట అయింది. ఊరూరా మైకులో "తాడీవాలా రాజా!" అని, అంటే కల్లు రాజా అని, పిలిచేవాళ్లు. ధోతీ గోచి పెట్టి, లొట్టి పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. షోలాపూర్, నాగపూర్, బొంబాయి, మళ్లీ నాగపూర్. పది పన్నెండేళ్లు అలా నడిచాడు.

ఊరికి వచ్చేది ఏడాదికి ఒకసారి, చుట్టంలా. కూతురు స్వప్నను బళ్లో పంతులు "మీ నాయిన ఏం పనిజేస్తడు?" అని అడిగితే, "తీగ మీద నడుస్తడు సార్" అని చెప్పి, అబద్ధమాడినందుకు దెబ్బలు తిన్నది. ఎల్లవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఒకసారి సర్కస్ కరీంనగర్ వచ్చినప్పుడు మొగుడు పిలిస్తే వెళ్లింది గానీ డేరాలోకి మాత్రం రాలేదు. బయట అటు తిరిగి కూర్చుని పల్లీలు ఒలుస్తూ ఉండిపోయింది. లోపల చప్పట్లు వినబడ్డాకే పల్లీ నోట్లో వేసుకుంది.

"మొగడు గాలిల ఉంటే పెండ్లాం నోట్ల ముద్ద ఎట్ల దిగుతది?" అంది తర్వాత. లక్ష్మీరాజానికి ఆ రాత్రి వచ్చిన చప్పట్లన్నీ వెలవెలబోయాయి.

టీవీలు వచ్చి జనం తగ్గారు. ఒకరోజు ఆట ముగిశాక వలలోకి దూకడంలో మోకాలు మెలిపడింది. సర్కసూ ఆ మోకాలూ దాదాపు ఒకేసారి మూలపడ్డాయి. పోతూ పోతూ మేనేజర్ ఆ ఉక్కు తీగను అతనికే ఇచ్చేశాడు. దాన్ని చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని లక్ష్మీరాజం బస్సు దిగితే, కరెంటోళ్లు వచ్చారనుకుని ఊళ్లో పిల్లలు సంబరంగా ఎదురొచ్చారు.

అప్పటికి వానలు తిరిగొచ్చాయి, చెట్లు పారుతున్నాయి. కానీ కల్లు సంఘంలో వాటా కావాలంటే తన వంతు చెట్లన్నీ పొద్దునా సాయంత్రం ఎక్కాలి. లక్ష్మీరాజం మోకాలు రెండు చెట్లకు సరేననేది, మూడోదానికి మొండికేసేది. ఎక్కడం కాదు, దిగడమే దాని ప్రాణం తీసేది.

దుబాయిలో ఉన్న ఎల్లవ్వ తమ్ముడు దేవేందర్ బావ కోసం వాచ్‌మన్ వీసా చూశాడు. పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. కోరుట్ల ఏజెంటు సోమవారంలోగా అవునో కాదో చెప్పమన్నాడు. ఊళ్లో అందరూ అదృష్టమన్నారు. ఎల్లవ్వ మాత్రం అన్నం పెడుతూ పెడుతూ చివరికి అనేసింది.

"ఇన్నేండ్లు గాలిల నడిచినవ్. ఇగ జెర నాతోని నేల మీద నడువరాదు?"

ఉండిపోవాలని ఆమెకంటే లక్ష్మీరాజానికే ఎక్కువ ఉంది. కానీ ఉండి ఏం తినాలి? పొద్దున్నే వాగొడ్డుకు పోయి, చెట్ల మొదట్లో కూర్చుని పైకి చూశాడు. తన వంతుకొచ్చే నాలుగు తాటిచెట్లు వరసగా, ఒకే ఎత్తులో, తలలు దగ్గర పెట్టి నిలబడి ఉన్నాయి. చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి తొడ చరిచి ఇంటికి కుంటుతూ పరుగెత్తాడు.

"ఎల్లా! ఎక్కుడు ఒక్కసారి, దిగుడు ఒక్కసారి! నడుమ చెట్టుకూ చెట్టుకూ తీగ గడ్త. మీదమీదికెల్లే నడుస్త!"

"నేల మీద నడువమన్న గద!" అని ఎల్లవ్వ నెత్తి కొట్టుకుంది. కానీ దుబాయికంటే తాటిచెట్టు దగ్గరని ఆమెకూ తెలుసు.

సంఘం పెద్ద భూమన్న ఒప్పుకోవాలి. ఆయన మోకాళ్లు రెండూ పోయి, చెట్టెక్కడం మానేసి ఏళ్లయింది. అయినా రోజూ పొద్దున కర్ర పట్టుకుని చెట్ల దగ్గరికి వచ్చి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి, గీసేవాళ్లందరికీ వంకలు పెట్టి వెళ్తాడు. విషయం వినగానే కర్రతో నేల మీద కొట్టాడు.

"మోకు లేకుంట చెట్టు మీద నిలవడెటోడు గౌడెట్లయితడ్రా? పడి సస్తే రేపు సంఘాన్ని అడుగరా?"

"ఒక్కసారి సూడు కాకా. మంచిగనిపియ్యకపోతే సోమారం నేనే కోరుట్లకు పోత."

"అయితే ఐతారం నడువు. అందరి ముందట. తప్పితే మాత్రం మళ్ల నన్ను అడుగకు."

ఆదివారానికి మూడు చెట్ల మధ్య తీగ బిగించాడు. ఊరంతా వాగొడ్డునే ఉంది. ఎల్లవ్వ ఈసారి అటు తిరగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, మొగుడి వైపే చూస్తూ నిలబడింది. మొదటి చెట్టు నుంచి రెండోదానికి లక్ష్మీరాజం వీధిలో పోతున్నట్టు పోయాడు. చప్పట్లు, ఈలలు. రెండో చెట్టు మీద కల్లు నిండిన లొట్టి దించుకుని, చేతిలో పట్టుకుని మళ్లీ తీగ మీద అడుగుపెట్టాడు.

తప్పు అక్కడే జరిగింది. డేరా కింద లొట్టిలో ఉండేవి నీళ్లు. ఇక్కడ ముక్కు కింద తాజా కల్లు వాసన. నెత్తి మీద గుడ్డ లేదు, ఆకాశం ఉంది. పక్కన తాటాకుల గలగల. ఇన్నేళ్ల తర్వాత ప్రాణం ఇంటికి వచ్చినట్టయింది లక్ష్మీరాజానికి. గొంతులోకి పాత పాట కూడా వచ్చింది. ఇంకేముంది, హాయిగా వెనక్కి వాలాడు.

లొట్టి భూమన్న కాళ్ల ముందు పగిలి ఆయన ధోతీని తడిపేసింది. మనిషి మాత్రం పడుతూ పడుతూ ఒంటిచేత్తో తీగ అందుకున్నాడు. వేలాడి, గుంజుకుని, కాలు అడ్డం వేసి, గోడెక్కిన పిల్లాడిలా తీగ మీద కూర్చున్నాక గానీ కింద ఎవరూ ఊపిరి తీయలేదు.

"అయిపాయె. దిగు. దుబాయికి పో," అన్నాడు భూమన్న, ధోతీ పిండుకుంటూ.

లక్ష్మీరాజం దిగలేదు. సిగ్గుతో మొహం కందిపోయింది. ఏం చేయాలో తెలియక కాదు, తెలిసే సిగ్గు. ఈ చెట్ల మీద తన ఒళ్లు మోకునే అడుగుతుంది. సర్కస్‌లో ఎవడైనా నడుముకు తాడు కట్టుకుని తీగ నడిస్తే జనం నవ్వి లేచిపోతారు. తాడీవాలా రాజా అలా నడవడమా? కిందకు చూశాడు. ఎల్లవ్వ కొంగు ఇంకా నోట్లోనే ఉంది. తాడీవాలా రాజా ఆ పూటతో పదవి దిగిపోయాడు.

"దుర్గన్నా!" అని కింద ఉన్న తోటి గీతకాడు దుర్గయ్యను కేకేశాడు. "నా మోకు తే! బాయికాడి మోటతాడు గూడ తే!"

దుర్గయ్య రెండో చెట్టూ మూడో చెట్టూ ఎక్కి, వాటి మధ్య తీగకు పైన, నడుమెత్తులో మోటతాడు బిగించి కట్టాడు. లక్ష్మీరాజం మోకును దాని మీదుగా వేసి నడుముకు చుట్టుకున్నాడు. తీగ మీద అడ్డంగా నిలబడి, ఒకసారి కావాలనే బరువంతా వేసి వెనక్కి వాలాడు. మోకు పట్టుకుంది. అలా వాలి, పక్కకు అడుగులేస్తూ, రెండు చేతులూ వదిలేసి, ఆగిపోయిన పాట అందుకుని మూడో చెట్టుకు చేరాడు. అక్కడి లొట్టి దించుకుని అలాగే వెనక్కి వచ్చాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

ఈసారి చప్పట్లు రాలేదు. ఎందుకంటే జనమంతా భూమన్నను చూస్తున్నారు. ఆయన కర్ర పక్కన పడేసి, తడి ధోతీ పైకి దోపి, మొదటి చెట్టుకు నమస్కారం పెడుతున్నాడు.

"ఓ కాకా, నీ మోకాళ్లు!" అన్నాడు దుర్గయ్య.

"ఒక్కసారి ఎక్కుడే గదరా. ఒక్కసారికి సస్తనా?"

ఆగి ఆగి, రొప్పి రొప్పి, దారిలో అందరినీ తిట్టి భూమన్న పైకి చేరాడు. అక్కడా మోటతాడు కట్టించి, తన మోకు వేసుకుని తీగ మీదకు జరిగాడు. సగం దాకా వచ్చి ఆగిపోయాడు. భయపడ్డాడేమోనని లక్ష్మీరాజం చెయ్యి చాచబోయాడు. ముసలాయన భయపడలేదు. వెనక్కి వాలి ఊరి వైపు చూస్తూ ఏడుస్తున్నాడు.

"మా ఇల్లు ఇక్కడికెల్లి కనబడుతదని యాది మర్సిన," అన్నాడు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, మళ్లీ సంఘం పెద్దయి గద్దించాడు. "ఏందిరా సూస్తున్నవ్? గా నాలుగో చెట్టుకు గూడ గట్టు. నీ చెట్లు నీకేనాయె. కోరుట్లోనికి జెప్పుండ్రి, గీడు రాడని."

మధ్యాహ్నమైంది. ఇద్దరూ దిగే జాడ లేదు. ఇంటికెళ్లి అన్నం వండి వచ్చిన ఎల్లవ్వ చెట్టు మొదట్లో నిలబడి తలెత్తింది. పెళ్లయినప్పటి నుంచి మొగుడు ఊళ్లో ఉన్న రోజులే తక్కువ, అతన్ని అన్నానికి పిలిచే భాగ్యం ఆమెకు ఎన్నడూ సరిగ్గా దక్కలేదు. అందుకే అవసరానికి మించి గట్టిగా, వాగు అవతలి ఊరికి కూడా వినబడేలా పిలిచింది.

"ఓయ్! బువ్వ సల్లారుతుంది, ఇంటికి రా!"