దాచిపెట్టిన మందు పంపు బ్యాటరీ

ఆదివారం సాయంత్రం. మా అబ్బాయి ఇంకా అలకలోనే ఉన్నాడు, అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను.

నిన్న మూతికి గుడ్డయినా కట్టుకోకుండా మిరప తోటకు పురుగుమందు కొట్టి, కళ్లు తిరిగి గట్టు మీద పడ్డాడు. ఈ ఉదయం మళ్లీ పంపు భుజానికెత్తుకుంటే అందులో బ్యాటరీ లేదు. డిగ్రీ చదివే వాడి కూతురు దాచేసింది.

"ముప్పై ఏండ్లసంది గిట్లనే కొడుతున్న. పని తప్పించుకునేటోళ్లకే గీ సాకులన్నీ," అన్నాడు.

"నేనే కొడ్త నాన్నా. మాస్కు, చేతులకు తొడుగులు తెచ్చినంక," అంది మనవరాలు.

ఆ పిల్లను ఇన్నాళ్లూ బద్ధకస్తురాలన్నది నేనే. ఈసారి న్యాయం దాని వైపే ఉంది. మీ ఇళ్లలో ఎవరి మాట నెగ్గుతుందో రాయండి. మా ఇంట్లో రేపు, ఎల్లుండి జరగవలసినవి ఇవి:

1. అబ్బాయి దవాఖానాకు వెళ్లాలి.
2. మనవరాలు సత్తుపల్లి నుంచి మాస్కులు, తొడుగులు ఇద్దరికీ తేవాలి.
3. ఎల్లుండి ఆ పిల్ల ఆరింటికల్లా తోటలో ఉండాలి. ఏడింటికి కాదు.